తలుపుల్లేని ఇల్లు

అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే ఇంటివాళ్ళు అడిగే ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చు. ఎంతమంది ఉంటారు, ఎక్కడ పని, నీసు తింటారా, చుట్టాలు ఎక్కువ వస్తారా. కులం నేరుగా అడగరు, ఇంటిపేరు అడుగుతారు. పదకొండేళ్ళలో శ్రీకాకుళంలో మేం ఆరిళ్ళు మారాం. అయిదో ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఇంకో ప్రశ్న చేరింది, ముసలివాళ్ళెవరైనా ఉన్నారా అని. ఉన్నారు, మా అత్త ఉంది. మంచం మీదున్నారా, తిరుగుతారా అనేది దాని వెనకే వచ్చేది. తిరుగుతుందని చెప్పేదాన్ని. అబద్ధం కాదు. వీధి చివర కొళాయి దాకా వెళ్ళి, ఇద్దరితో తగువు పెట్టుకుని మరీ తిరిగొచ్చేది.

నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. పిల్లల హాజరు పట్టీలు, టీసీలు రాయడం నా పని. మా ఆయన సాలూరులో లారీ బుకింగు ఆఫీసులో గుమాస్తా, ఆదివారాలు మాత్రం ఇంట్లో ఉంటాడు. ఇళ్ళు మారడంతో చదువు పాడవుతోందని అమ్మాయిని విజయనగరం హాస్టల్లో వేశాం. ఇక ఇంట్లో ఉండేది అత్తా నేనూ. మా ఇద్దరికీ పడదని అనలేను, పడేదనీ అనలేను. కూరలో ఉప్పు గురించి తప్ప పెద్దగా మాట్లాడుకున్నది లేదు.

ఆరిళ్ళవాళ్ళూ గోడకి మేకు కొట్టొద్దన్నారు. ఆ విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. అందుకని మా మామగారి ఫొటో పదకొండేళ్ళూ బీరువా మీద గోడకి చేరగిలబడే ఉంది. ఫ్యాను గాలికి ఎప్పుడైనా బోర్లా పడేది. అత్త లేపి నిలబెట్టి, "ఈ మనిసికి బతికున్నప్పుడూ నిలకడ నేదు," అనేది. నేను నవ్వేదాన్ని కాదు. కాలేజీకి టైమైపోతుంటే నవ్వు ఎక్కడొస్తుంది.

ఎండలు ముదిరే రోజుల్లో అత్తకి నెమ్ము చేసింది. జ్వరం తగ్గలేదు, నాలుగోనాటికి తెలివి తప్పింది. ఆసుపత్రిలో ఎనిమిది రోజులుంచాం. ఆఖర్న డాక్టరు మా ఆయన్ని పక్కకి పిలిచి, ఈ వయసులో ఇంకేం చెయ్యలేం, ఇంటికి తీసుకెళ్ళండి, కావలసినవాళ్ళకి కబురు పెట్టుకోండి అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. ఆటో పిలిచాం. మా కాలేజీ అటెండరు ఆ రోజు సెలవు పెట్టి నాకు తోడుగా వచ్చింది. ఆవిడే అత్త తల ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుంది.

ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఇంటాయన గేటు ముందు నిలబడి ఉన్నాడు. రిటైరైన మనిషి, ఎప్పుడూ ఒక్క మాట తూలలేదు. వెనక వాళ్ళావిడ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. ఆటో ఆగగానే ఆయన లోపలికి తొంగి చూసి, గేటు గడియ మీద చెయ్యి వేశాడు.

"ఏటనుకోకమ్మా," అన్నాడు నాతో. "మీ మీద నాకు కోపం నేదు. మా తోడల్లుడింట్లో ఇలాగే అద్దికున్నాయన పోనాడు. నచ్చత్రం బాగునేదని ఆర్నెల్లు ఇల్లు పాడెట్టినారు. మీరైతే అద్దికున్నోలు, ఇంకో ఇంటికి ఎలిపోతారు. మేం ఎక్కడికి ఎలతాం?"

మా ఆయన చేతులు జోడించాడు. ఒక్క రోజో రెండు రోజులో బాబూ అన్నాడు. ఇంటాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ చెయ్యి మాత్రం గడియ మీంచి తీయలేదు. ఆయన భయం నాకు అర్థమైంది. మా ఊళ్ళోనూ అంతే, చావు నక్షత్రం మంచిది కాకపోతే ఇంటికి తాళం పెట్టి నెలల తరబడి బయట ఉండాలి. ఎక్కడికెళ్తామన్న ప్రశ్న మాత్రం నేను వేయాల్సింది, ఆయనే వేసేశాడు. నాకు కోపం కూడా రాలేదు. అప్పటికి ఎనిమిది రోజులుగా ఆసుపత్రి వరండాలో కూర్చుని కూర్చుని నాలో ఏదీ కదలడం మానేసింది. ఆటోవాడు మీటరు లేని బండి కదా, ఎంతసేపు ఆగాలని విసుక్కుంటున్నాడు. నేను వాడి వైపే చూస్తూ నిలబడ్డాను.

ఊరికి తీసుకెళ్దామంటే ఊళ్ళో మాకిల్లు లేదు, మామ ఉండగానే వాటా అమ్మేశారు. ఆడపడుచు ఇల్లు దగ్గరే, కానీ కూతురింట్లో, వియ్యంకుల గుమ్మంలో పోవడమంటే అత్త తెలివిలో ఉంటే చచ్చినా ఒప్పుకోదు. ఆ మాట ఇక్కడ రాస్తుంటే ఎలాగో ఉంది గానీ నిజంగా అలాగే అనేది. ఇంక మిగిలింది ఏ చెట్టు కిందో టార్పాలిన్ కట్టడం. అలా కట్టిన కుటుంబాలు నాకు తెలుసు.

అప్పుడు ఆటోలోంచి అటెండరు అంది, "నా ఇల్లున్నాది కదా అక్కా. తలుపులు నేవు గాని కప్పున్నాది."

ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. చర్చి వెనక సందులో ఒక్క గది అద్దెకి తీసుకుని ఉంటోంది. ఊరి చివర ప్రభుత్వం ఇచ్చిన సెంటున్నర స్థలంలో ఇల్లు మొదలుపెట్టి శ్లాబు వేయించింది. గుమ్మాలు నిలబెట్టించింది. సర్కారు నుంచి రావలసిన బిల్లు రాక పని అక్కడితో ఆగింది. ఇంకా ప్రార్థన పెట్టించి చేరని ఇల్లది. కొత్తింట్లో మొదట అడుగుపెట్టేది చావైతే ఎలా అని నేను అడిగాను. అడగడమే గానీ వద్దనే ధైర్యం నాకు లేదు.

"మాకా నచ్చత్రాలు నేవక్కా," అంది. "పోనీ బాబూ, బైపాసు వైపు పోనీ," అని ఆటోవాడికి తనే చెప్పింది.

పూత లేని ఇటుక గోడలు, రెండు గదులు, ముందు చిన్న వసారా. చుట్టూ మనుషులున్నవి రెండు మూడు, మిగతావన్నీ సగం లేచిన ఇళ్ళే, కొన్నిటికి పునాదుల్లో తుమ్మ మొక్కలు మొలిచాయి. సెంట్రింగు చెక్కలు ఇటుకల మీద పరిచి ముందు గదిలో అత్తని పడుకోబెట్టాం. ఆడపడుచు ఏడుస్తూ వచ్చింది. తులసి నీళ్ళు నోట్లో పోశారు. మా ఆయన నాగావళి ఒడ్డుకి వెళ్ళి కాటికాపరితో మాట్లాడి, కట్టెలకి చెప్పి వచ్చాడు. ఇంక ఎదురు చూడ్డమే. ఒక రోజు చూశాం. రెండు రోజులు చూశాం. అటెండరు పూటపూటకీ కేరియర్లో అన్నం తెచ్చేది. అది ఎవరి వంటో తెలిసి ఆడపడుచు ముట్టుకోలేదు, బిస్కట్లతో గడిపింది. నేను తిన్నాను. రుచి తెలియలేదు, తిన్నానంతే.

మూడోనాడు మధ్యాహ్నం అత్త కళ్ళు తెరిచింది.

"ఆకలేస్తన్నాది," అంది. "సోడంబలి ఉన్నాదేటే?"

"వొలమ్మో!" అని ఆడపడుచు వెనక్కి గెంతి గోడకి తగిలింది. అటెండరు పరుగెత్తుకెళ్ళి చోడి పిండి, అదే రాగి పిండి, తెచ్చి మూడు ఇటుకల పొయ్యి మీద అంబలి కాచింది. మా ఆయన మళ్ళీ నాగావళి ఒడ్డుకి వెళ్ళి, కట్టెలు ప్రస్తుతానికి వద్దని చెప్పి రావలసి వచ్చింది. కాటికాపరి ఏమన్నాడో మాకు చెప్పలేదు.

గ్లాసుడు అంబలి తాగి, అత్త పైనున్న శ్లాబుని, గోడల్ని చాలాసేపు చూసింది. "ఇది ఎవులిల్లే?" అని నన్నడిగింది.

"మనదే అత్తా," అన్నాను.

ఎందుకన్నానంటే చెప్పలేను. సంతోషపెడదామని కాదు. గేటు దగ్గర జరిగిందీ, అటెండరు ఎవరన్నదీ, మేమిక్కడ ఎందుకున్నామన్నదీ మొదట్నుంచి చెప్పే ఓపిక నాకు లేదు. మనదే అంటే ఒక్క మాటతో అయిపోతుంది. అత్త తలూపి మళ్ళీ కళ్ళు మూసుకుంది. గుమ్మంలో నిలబడ్డ అటెండరు ఆ మాట వింది. నేను తల దించుకున్నాను.

బట్టలు తెచ్చుకుందామని మర్నాడు అద్దింటికి వెళ్ళాను. మా వాటా గుమ్మానికి పసుపు నీళ్ళు జల్లి ఉన్నాయి. ఇంటాయన ఎదురొచ్చి గొంతు తగ్గించి, "ఎప్పుడు పోనారమ్మా?" అన్నాడు.

"పోలేదండీ. అంబలి తాగుతున్నారు."

ఆయన గుమ్మం మీది పసుపు నీళ్ళకేసి చూశాడు. మంచిదేనమ్మా, మంచిదే అన్నాడు. మళ్ళీ తీసుకొస్తానేమోనని ఆ మొహంలో కనిపించిన కంగారు చూసి నాకు నవ్వొచ్చింది. ఆ పది పన్నెండు రోజుల్లో నాకు కలిగినదంటూ ఏదైనా ఉంటే ఆ నవ్వొక్కటే. వారం తిరక్కుండా వాళ్ళ తమ్ముడి కొడుకు ఆ వాటాలోకి వస్తున్నాడని కబురొచ్చింది. ప్రతి ఇంటివాళ్ళకీ ఇలా ఒక తమ్ముడి కొడుకు ఉంటాడు. సామాను ట్రాలీ ఆటోలో వేసుకుని తలుపుల్లేని ఇంటికి వచ్చేశాం. వేరే ఇల్లు దొరికేదాకా అని అటెండరుతో అన్నాను. ఆవిడ సరే అంది. మంచం మీదున్న మనిషితో వేరే ఇల్లు దొరకదని ఇద్దరికీ తెలుసు.

గుమ్మాలకి టార్పాలిన్లు కట్టాం. పక్క స్తంభం నుంచి ఒక బల్బుకి కరెంటు వచ్చింది. అత్త లేచి నడవలేదు గానీ నోరు మాత్రం మునుపటిలాగే లేచింది. చెక్కల మీద పడుకునే ఇల్లంతా సర్దించింది. పొయ్యి ఆగ్నేయంలో పెట్టమంది. "మేకులు తే," అంది ఒకరోజు, "ఇప్పుడెవులు వద్దంతారు?" ఇటుకల మధ్య సందులో మేకు దిగ్గొట్టి మామ ఫొటో తగిలించాను. చాలాసేపు దానికేసి చూసి, వంకరగా ఉందంది. చూడ్డానికి ఎవరొచ్చినా, నా కొడుకు కట్టించినాడని చెప్పేది. మా ఆయన ఆదివారం వచ్చినప్పుడు ఆ మాట విని బయటికి వెళ్ళి నిలబడేవాడు.

అసలు ఇల్లు అటెండరుది. రోజూ సాయంత్రం కాలేజీ వదిలాక వచ్చేది. వచ్చి గుమ్మం దగ్గరే ఆగి, "రావచ్చా అమ్మా?" అని అడిగేది. "కాళ్ళు కడుక్కుని రా," అనేది అత్త. ఆవిడ బకెట్లో నీళ్ళతో కాళ్ళు కడుక్కుని తన ఇంట్లోకి తను వచ్చేది. వచ్చి ఒక మూల కూర్చునేది. నేను రెండుసార్లు నిజం చెప్పేస్తానన్నాను. "ఎందుకక్కా, ముసల్ది ఎన్నాళ్ళుంతాది," అంది. దేవుడికి అబద్ధం ఇష్టం లేదేమో అన్నాను. "అబద్ధం నువ్వాడినావు, నాను ఊరికే కూకున్నాను," అంది. చిన్నగా నవ్వింది కూడా.

రోజులు గడిచాయి. ఇప్పుడు తలచుకుంటే ఆ నెలలన్నీ ఒకే రోజులా అనిపిస్తాయి. పొద్దున్నే ట్యాంకరు నీళ్ళు పట్టడం, అత్తకి ఒళ్ళు తుడవడం, బస్సు, ఆఫీసు, సాయంత్రం మళ్ళీ ఒళ్ళు తుడవడం. సుఖమా అంటే కాదు, కష్టమా అంటే అదీ కాదు. గాలి ఇటు గుమ్మంలోంచి వచ్చి అటు గుమ్మంలోంచి పోయేది. అంత గాలి ఏ అద్దింట్లోనూ లేదు. ఒకసారి గిన్నె చేజారి పెద్ద చప్పుడైతే అలవాటుగా కిందివాళ్ళు ఏమంటారో అని ఊపిరి బిగబట్టాను. కింద ఎవరూ లేరు, నేలే ఉంది. అయినా ఆ ఊపిరి వదలడానికి కాసేపు పట్టింది.

వానలు మొదలయ్యాయి. చర్చి సందులో అటెండరు గది కారడం మొదలైంది. ఇంటి ఓనరు బాగుచెయ్యడు, అడిగితే ఖాళీ చెయ్యమంటాడు. ఒక సాయంత్రం ఆవిడ తడిసిపోయి వచ్చింది. నేను గుమ్మానికి కట్టిన టార్పాలిన్ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. అత్త ఆవిడని తేరిపార చూసింది.

"నీకిల్లు నేదేటే?"

అటెండరు నా వంక చూసింది. నేను చేటలోకి చూశాను.

"నేదమ్మా," అంది. "అద్దికుంతన్నాను."

"అది కారతన్నాదేటి?"

"కారతన్నాదమ్మా."

అత్త పైనున్న శ్లాబుకేసి చూసింది. తరవాత నన్ను పిలిచింది. "ఒసే కోడలా. ఆ ఎనక గది దీనికిచ్చీ. మనకు ముందు గది సాలు." చెయ్యెత్తి నాకు వేలు చూపించింది. "ఇదుగో, ఇంతన్నావా. దాన్ని ఎల్లిపోమ్మనకు. సావొచ్చినా, పురుడొచ్చినా, ఎల్లిపోమ్మనకు. ఆ దినం గేటు కాడ నాను ఆటోలో ఉన్నాను. అన్నీ ఇన్నాను. నోరు రానేదు గాని అన్నీ ఇన్నాను."

నా చేతిలో బియ్యం అలాగే ఉండిపోయింది. ఇన్ని నెలలూ ఆ మాట కడుపులో పెట్టుకుని, ఉప్పు తక్కువైందనీ, ఫొటో వంకరగా ఉందనీ మాట్లాడిందన్నమాట. ఆటోలో అటెండరు అన్న మాట కూడా విందో లేదో నేను అడగలేదు. నాకు సిగ్గేసింది. తెలివి లేదనుకుని ఆ గేటు ముందు మేం బేరమాడినట్టు మాట్లాడుకున్నాం, ఒకటా రెండా అని రోజులు లెక్క చెప్పుకుంటూ. అటెండరు వంగి అత్త కాళ్ళు పట్టుకుంది. అత్త, "తడి సేతులు," అని విసుక్కుంది.

ఆ ఆదివారమే అటెండరు ఒక ట్రంకుపెట్టె, బైబిలు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకుని తన ఇంటి వెనక గదిలో అద్దెకు చేరినట్టు చేరింది. పొద్దున్నే వెనక గదిలోంచి సన్నగా పాట వినిపించేది. అత్త వినేది, బాగుందనో బాగోలేదనో అనేది కాదు. ఇద్దరూ కలిసి నా మీద చాడీలు చెప్పుకోవడం మాత్రం మొదలైంది.

వానలు తగ్గే రోజుల్లో ఒక పొద్దున్న అత్త పోయింది. కాఫీ తాగింది, చేదుగా ఉందంది. గ్లాసు కడిగి వచ్చేలోపు అయిపోయింది. ముందు గదిలోనే, మామ ఫొటో ఎదురుగానే. నేను గ్లాసు గూట్లో బోర్లించి, వెనక గదిలోకి వెళ్ళి చెప్పాను. ఏడుపు రాలేదు. ఆడపడుచుకి ఫోను చేశాను, మా ఆయనకి చేశాను, అమ్మాయి హాస్టలుకి చేశాను, కాలేజీకి సెలవు మెసేజి పెట్టాను. అన్నీ సరిగ్గానే చేశాను.

పంతులుగారు వచ్చి సమయం అడిగి, పంచాంగం తిప్పి, పెదవి విరిచారు. నక్షత్రం మంచిది కాదట. మూడు నెలలు ఇల్లు మూసి పాడుపెట్టాలన్నారు. మా ఆయన నా వంక చూశాడు. ఆడపడుచు నా వంక చూసింది. నేను అటెండరు వంక చూశాను. ఇల్లు ఆవిడదని అక్కడ సగం మందికి తెలియదు.

"మూసీడానికి తలుపులేవి బాబూ?" అందావిడ. "గుమ్మాలు ఒట్టినే ఉన్నాయి. ఏటి మూస్తారు?"

పంతులుగారు గుమ్మం కేసి చూశారు. టార్పాలిన్ గాలికి లేచి పడుతోంది. ఏదో శాంతి చేయిస్తే సరిపోతుందిలెండి అని పంచాంగం మూసేశారు. ఆ వేళ మొదటిసారి ఆడపడుచు అటెండరు ఇచ్చిన మంచినీళ్ళు తాగింది.

పదమూడో రోజు అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. మా ఆయన సాలూరు బస్సెక్కాడు. అటెండరు కాలేజీకి వెళ్ళింది. నేను అట్టపెట్టెలు తీసి గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను. ఎవరూ చెప్పలేదు. చావు అయిపోయింది, మేం వచ్చిన పని అయిపోయింది, అటెండరుకి తన ఇల్లు అప్పజెప్పాలి. గిన్నెలు పేపర్లో చుట్టడం నాకు కళ్ళు మూసుకున్నా వస్తుంది. పెద్దవాటిలో చిన్నవి, మూతలు పక్కన. ఏడో ఇల్లు ఎక్కడ వెతకాలా అని వీధుల పేర్లు లోపల చదువుకుంటున్నాను.

సాయంత్రం అటెండరు వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. అలవాటు చొప్పున కాళ్ళు కడుక్కుంది. లోపలికొచ్చి అట్టపెట్టెల్ని చూసింది.

"ఎక్కడికక్కా?"

తెలియదన్నాను. ఇల్లు చూసుకుంటామన్నాను. నీ ప్రార్థనా అదీ పెట్టించుకుని చేరాలి కదా అన్నాను.

ఆవిడ నా ఎదురుగా నేల మీద కూలబడింది. "మీ అత్త నన్ను ఎల్లిపోమ్మనొద్దన్నాది. నా ఇంట్లోంచి నన్నే ఎల్లిపోమ్మనొద్దన్నాది. అంత మాట ఇన్న దాన్ని, నిన్నెలాగ ఎల్లిపోమ్మంతాననుకున్నావు?" పెట్టెలోంచి ఒక గిన్నె తీసి, పేపరు విప్పి, గూట్లో పెట్టింది. "ఉండక్కా. ఎల్లకు."

అప్పుడొచ్చింది ఏడుపు. ఆ నేల మీదే కూర్చుని బిగ్గరగా ఏడ్చాను, పక్క ఇళ్ళవాళ్ళు వచ్చి తొంగి చూసేంతగా. పాపం, అత్తని తలచుకుని ఏడుస్తోందన్నారు వాళ్ళు. నేను అత్త కోసం ఏడవలేదు. పదకొండేళ్ళలో నన్ను వెళ్ళొద్దన్న మనిషి ఆవిడొక్కతే.